పదకొండు బారల లోతున ఒండ్రు

"ఈజిప్టు ______ నది వరప్రసాదం." ఆరో తరగతి యూనిట్ టెస్టులో ఖాళీ పూరించే ప్రశ్న. నైలు అని రాశాను, అర మార్కు వచ్చింది. ఆ తర్వాత పదో తరగతి దాటేదాకా ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్కలేదు. ఆ మాట ఎవరన్నారో, దేన్ని చూసి అన్నారో మా పుస్తకంలో లేదు. నేనూ అడగలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్టుగా అది కూడా ఒక వాక్యం, అంతే.

ముప్పై ఏళ్ళ తర్వాత ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాసిన చరిత్రను ఇంగ్లీషు అనువాదంలో చదువుతుంటే, రెండో భాగం మొదట్లోనే ఆ వాక్యం కనపడింది. చిన్నప్పుడు మా వీధిలో ఉండే మనిషి ఎక్కడో పరాయి రైల్వే స్టేషన్లో ఎదురొచ్చినట్టు అనిపించింది. అయితే ఇక్కడ ఆ వాక్యం ఒంటరిగా లేదు. దానికి ముందూ వెనకా బోలెడు మాటలున్నాయి. గ్రీకులు ఓడల్లో వెళ్ళే ఈజిప్టు భాగమంతా నది ఇచ్చిన కానుక, తర్వాత వచ్చి చేరిన నేల అంటాడాయన. ఎవరూ చెప్పకపోయినా, బుర్ర ఉన్నవాడికి చూడగానే తెలుస్తుందంటాడు. ఎలా తెలుస్తుందో కూడా చెబుతాడు. ఒడ్డు ఇంకా ఒక రోజు ప్రయాణం ఉందనగా, ఓడ మీంచి తాడుకి బరువు కట్టి దింపండి. బురద పైకి వస్తుంది. లోతు పదకొండు ఓర్గుయాలు ఉంటుంది.

ఓర్గుయా అంటే రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే పొడవు. మన బార. పదకొండు బారల లోతున ఒండ్రుమట్టి.

అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మాది దివిసీమ. చిన్నప్పుడు మా తాతయ్యతో నావలో ఎదురుమొండి వైపు వెళ్ళేటప్పుడు, నావ నడిపే ఆయన గడ దింపి పైకి లాగితే చివర జానెడు మేర నల్లటి ఒండ్రు అంటుకుని ఉండేది. నీళ్ళు కారుతూ, మెరుస్తూ. నేను దాన్ని వేలితో గీకి చూసేవాణ్ణి. వెన్నలా ఉండేది, ఒక్క ఇసుక రేణువు తగిలేది కాదు. "ఇదంతా కృష్ణమ్మ మోసుకొచ్చిందేరా. ఎక్కడో మహారాష్ట్రలో మట్టి. మన ఊరే ఇలా తయారైంది" అనేవాడు తాతయ్య. ఆయన చదివింది మూడో తరగతి. హెరొడొటస్ పేరు వినే అవకాశమే లేదు. అయినా రెండున్నర వేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు మనిషి నైలు ముఖద్వారం దగ్గర చేసిన ఆలోచనే మా తాతయ్య కృష్ణ పాయలో చేశాడు. ఇద్దరూ అడుగున ఉన్న మట్టిని చూసి మాట్లాడారు.

మా ఆరో తరగతి పుస్తకం ఆ మట్టిని తీసేసి, వాక్యాన్ని మాత్రం మాకిచ్చింది.

ప్రాచీన నాగరికతల గురించి పాతికేళ్ళుగా దొరికిన పుస్తకమల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పాత ప్రపంచం గురించి పుస్తకం రాసేవాళ్ళు ఏం జరిగిందో చెబితే చాలదు. అది మనకు ఎలా తెలిసిందో చెప్పాలి. ఆ రెండోది లేని పుస్తకం ఎంత అందంగా ఉన్నా, ఎన్ని రంగుల బొమ్మలున్నా, పిల్లల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు. ఇది పండితులకు సంబంధించిన చాదస్తం అనుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇది పాఠకుడికి ఇవ్వాల్సిన కనీస మర్యాద.

పిరమిడ్ల సంగతే తీసుకుందాం. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు వచ్చింది. ఏడో తరగతి. ఏదో వీడియో చూసి, "అంత పెద్ద రాళ్ళు మనుషులు మోయలేరట మావయ్యా, వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్ళు కట్టారట" అంది. అలాంటిదేమీ లేదని నేనన్నాను. "నీకెలా తెలుసు?" అని అడిగింది. అది పొగరుగా అడిగిన మాట కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. పుస్తకాల ఎగ్జిబిషన్‌లో తన కోసమే కొన్న తెలుగు పుస్తకం ఒకటి తీశాను. పిరమిడ్ మీద నాలుగు పేజీలున్నాయి. లక్షమంది బానిసలు ఇరవై ఏళ్ళు కొరడా దెబ్బలు తింటూ కట్టారని ఉంది. ఎవరు చెప్పారు, ఎక్కడ దొరికింది, ఒక్క ముక్క లేదు. పిల్ల తలెత్తి నా వైపు చూసింది. ఈ పుస్తకానికీ ఆ వీడియోకీ తేడా ఏమిటో తనకి ఎలా చెప్పాలో నాకు ఆ క్షణాన తెలియలేదు. నమ్మమని రెండూ అడుగుతున్నాయి. చూడమని ఏదీ అనడం లేదు.

ఆ లక్షమంది, ఆ ఇరవై ఏళ్ళు ఎక్కడివంటే, మళ్ళీ హెరొడొటస్ దగ్గరివే. ఆయన లెక్కలో ఒక్కో విడతకి లక్షమంది, మూడేసి నెలల వంతులు. రాళ్ళు లాగే దారి వేయడానికి పదేళ్ళు, పిరమిడ్‌కి ఇరవై ఏళ్ళు. బానిసలని మాత్రం ఆయన అనలేదు. పిరమిడ్ కట్టించిన ఖుఫూ రాజు ఈజిప్షియన్లందరి చేతా బలవంతంగా పని చేయించాడన్నాడు. ఇంకో ముచ్చట కూడా ఉంది. పిరమిడ్ మీద ఒక రాత ఉందట. పనివాళ్ళ ముల్లంగికీ ఉల్లిపాయలకీ వెల్లుల్లికీ ఎంత ఖర్చయిందో అందులో ఉందని, మొత్తం 1600 టాలెంట్ల (టాలెంట్ అంటే గ్రీకుల పాతకాలపు తూకం) వెండి అని దుబాసీ తనకి చదివి చెప్పినట్టు బాగా గుర్తుందని రాశాడు.

ఇక్కడ కాస్త ఆగి కాలం లెక్క వేసుకోవాలి. గిజాలో పెద్ద పిరమిడ్ కట్టింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. హెరొడొటస్ ఈజిప్టు వెళ్ళింది క్రీ.పూ. 450 ప్రాంతంలో. మధ్యలో 2100 ఏళ్ళు. మనకీ శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణికీ ఉన్న దూరం కంటే అది ఎక్కువ. ఇప్పుడు ధాన్యకటకం దగ్గర ఒక గైడ్ విదేశీ యాత్రికుడికి గౌతమీపుత్ర శాతకర్ణి ఇంటి ఖర్చు చెప్పాడనుకోండి. ఆ యాత్రికుడు నోట్‌బుక్‌లో రాసుకెళ్ళాడనుకోండి. పిరమిడ్ గురించి హెరొడొటస్ రాసింది దాదాపు అలాంటిది.

కానీ ఆయన మీద నాకు కోపం లేదు సరికదా, గౌరవం రెట్టింపైంది. ఎందుకంటే ఈజిప్టు భాగంలో సగం దాటాక ఒక చోట ఆగి ఆయనే హెచ్చరిస్తాడు. ఇంతవరకూ చెప్పింది నా కళ్ళతో చూసింది, నేను ఆలోచించింది, నేను విచారించింది. ఇక్కణ్ణుంచి ఈజిప్షియన్లు చెప్పగా విన్నది చెబుతున్నాను అంటాడు. నైలు బురద ఆ గీతకి ఇవతల ఉంది. పిరమిడ్ కథ అవతల ఉంది. తను చూసినదానికీ విన్నదానికీ మధ్య అంత స్పష్టంగా గీత గీసిన మనిషి మాటల్ని, తర్వాత రాసినవాళ్ళు గీత చెరిపేసి వాడుకున్నారు. "అని విన్నాను" అన్న ముక్క రాలిపోయింది. లక్ష అనే అంకె మిగిలింది. ఎక్కడో మధ్యలో కొరడా కూడా వచ్చి చేరింది.

మరి కళ్ళతో చూసినవాళ్ళెవరూ ఏమీ రాయలేదా? రాశారు. 2013లో ఫ్రెంచి ఈజిప్టాలజిస్టు పియర్ తాలే బృందానికి ఎర్రసముద్రం ఒడ్డున వాడీ అల్ జర్ఫ్ అనే చోట పపైరస్ ముక్కలు దొరికాయి. పపైరస్ అంటే తుంగ జాతి మొక్కతో చేసిన పాతకాలపు కాగితం. అది ఖుఫూ కాలపు రేవు. పడవల్ని విడదీసి భద్రం చేయడానికి కొండలో తొలిచిన గదులున్నాయి. వాటి నోళ్ళను పెద్ద పెద్ద రాళ్ళతో మూసేశారు. ఆ రాళ్ళ సందుల్లో ఉన్నాయి ఈ కాగితాలు. రాత ఉన్న పపైరస్‌లలో ఇంతవరకూ దొరికినవాటన్నిటికంటే పాతవి, దాదాపు 4,500 ఏళ్ళవి. వాటిలో ఒకటి మేరెర్ అనే మేస్త్రి చేతి కింద నడిచిన పని డైరీ. ఆయన కింద 40 మంది దాకా పడవ మనుషులున్నారు.

నాకు తెలిసినంతలో తెలుగు చేస్తే నాలుగైదు రోజుల పద్దు ఇలా ఉంటుంది:

26వ రోజు: మేరెర్ తన ముఠాతో దక్షిణ తురా నుంచి రాళ్ళ బరువుతో అఖేత్-ఖుఫూకి బయల్దేరాడు. రాత్రి షె-ఖుఫూలో.
27వ రోజు: షె-ఖుఫూ నుంచి రాళ్ళ బరువుతో అఖేత్-ఖుఫూకి. రాత్రి అఖేత్-ఖుఫూలో.
28వ రోజు: పొద్దున్నే అఖేత్-ఖుఫూ నుంచి బయల్దేరి ఎదురు ప్రవాహంలో దక్షిణ తురాకి.
29వ రోజు: మేరెర్ తన ముఠాతో దక్షిణ తురాలో రాళ్ళు లాగుతూ పగలంతా. రాత్రి దక్షిణ తురాలో.

అఖేత్-ఖుఫూ అంటే ఖుఫూ దిగంతం. పెద్ద పిరమిడ్ పేరే అది. షె-ఖుఫూ అంటే ఖుఫూ చెరువు, పడవలు పిరమిడ్ దగ్గరిదాకా రావడానికి ఏర్పాటు చేసిన నీళ్ళ నిలువ. తురా నైలుకి అవతలి ఒడ్డున సున్నపురాయి గని, పిరమిడ్ పైపొరకి తెల్లటి రాయి అక్కణ్ణుంచే వచ్చింది. పది రోజులకి రెండు మూడు ట్రిప్పులు. పైన అజమాయిషీ చేసేవాడి పేరు కూడా ఉంది: అంఖ్‌హాఫ్. ఖుఫూకి సవతి సోదరుడని ఇతర ఆధారాల వల్ల అంతకుముందే తెలిసిన మనిషి. డైరీతో పాటు దొరికిన లెక్కల కాగితాల్లో రావాల్సిన సరుకెంత, వచ్చిందెంత, బాకీ ఎంత అని గడులు గీసి ఉన్నాయి. మా నాన్న వడ్ల వ్యాపారం లెక్కలు రాసిన పొడుగు ఖాతా పుస్తకాలు నాకు గుర్తొచ్చాయి.

ఆ పద్దు మళ్ళీ చదవండి. అందులో అబ్బురం ఏమీ లేదు. రాళ్ళెత్తారు, పడవ కదిలింది, చీకటి పడింది, పడుకున్నారు. అయినా నేను చదివిన వాటిలో ఏ రాజు విజయశాసనమూ నన్ను ఇంతగా కదిలించలేదు. రాజు తన గొప్ప పది తరాలకి తెలియాలని శాసనం చెక్కిస్తాడు. మేరెర్ మనుషులు ఎవరికో చూపిద్దామని రాయలేదు. పై ఆఫీసుకి లెక్క చెప్పాలి కాబట్టి రాశారు. అందుకే దాన్ని నమ్మబుద్ధేస్తుంది. వాళ్ళు ఎక్కడ పడుకున్నారో చెబుతుంది గానీ, పనికి ఇష్టపడి వచ్చారో, పట్టుకొస్తే వచ్చారో చెప్పదు. వాళ్ళకి తిండి అందిందని లెక్కలు చెబుతాయి. అంతమాత్రాన వాళ్ళు స్వేచ్ఛాజీవులని అనేయడం కూడా తొందరపాటే. మంచి పుస్తకం ఆ హద్దు దగ్గర ఆగుతుంది.

గిజాకి దక్షిణంగా పురావస్తు పరిశోధకుడు మార్క్ లేనర్ బృందం తవ్విన పనివాళ్ళ ఊరు ఇంకో ఆధారం. రొట్టెలు కాల్చిన బట్టీలు, చేపల ముళ్ళు, గొర్రెల ఎముకలు, కుప్పలు కుప్పలుగా పశువుల ఎముకలు. వాటిని లెక్కపెట్టి ఎంతమంది తిని ఉంటారో అంచనా వేస్తారు. లక్ష అనే అంకె ఇప్పుడు 20 వేల అటూ ఇటూకి దిగింది. అదీ అంచనాయే. కానీ దాని వెనక ఎముకలున్నాయి. కొత్త ఎముకలు దొరికితే అంకె మారుతుంది, అలా మారినందుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

ఇదంతా మా పిల్లకి చెప్పాను. ఫోన్లో పపైరస్ బొమ్మ చూపించాను. గడులు చూసి, "ఇది అటెండెన్స్ రిజిస్టర్‌లా ఉంది" అంది. వేరే గ్రహం ఊసు ఆ తర్వాత రాలేదు. నేను వాదించి గెలవలేదు. మేరెర్ పద్దే ఆ పని చేసింది.

ఈ మాట అన్నప్పుడల్లా పుస్తకాలు అచ్చువేసే ఒక స్నేహితుడు నాతో గొడవపడతాడు. "జనానికి కథ కావాలండీ. ఆధారాలూ, తవ్వకాలూ, పపైరస్‌లూ అంటే నాలుగో పేజీలో మూసేస్తారు. క్లియోపాత్రా ఉందా, యుద్ధం ఉందా, అది చూస్తారు." ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అచ్చయిన ప్రతులు గోడౌన్‌లో ఉండిపోతే అప్పులవాళ్ళకి జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ తెలుగు పాఠకుల గురించి ఆయన అంచనా తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఊళ్ళో దొంగతనం జరిగితే మనం ఏం పోయిందని ఒక్కసారి అడుగుతాం, ఎలా పట్టుకున్నారని పదిసార్లు అడుగుతాం. ఎలా తెలిసిందన్నది కథకి అడ్డమొచ్చే విషయం కానే కాదు.

ఒక్కటి చెబుతాను. మూడో రామ్సెస్ పాలనలో 29వ ఏడు, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతం. రాజుల సమాధులు తొలిచే దేర్ ఎల్ మెదీనా పనివాళ్ళకి జీతం ధాన్యంగా ఇచ్చేవాళ్ళు. అది రాలేదు. వాళ్ళు పనిముట్లు పక్కనపెట్టి, కాపలా గోడలు దాటుకుని, ఒక గుడి వెనక బైఠాయించారు. "ఆకలేస్తోంది, నెలలో పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి" అన్నారు. బట్టలు లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు, ఫరోకి చెప్పండి అన్నారు. సమ్మె గురించి మనకి రాతలో మిగిలిన మొట్టమొదటి కథనం ఇది. ఎలా మిగిలిందంటే, అమెన్నఖ్త్ అనే లేఖకుడు రాశాడని చెప్పే ఆ పపైరస్ ఇటలీలో టురిన్ మ్యూజియంలో ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ కాగితాన్ని పక్కనపెట్టి "ప్రాచీన ఈజిప్టులో పనివాళ్ళు అప్పుడప్పుడు అసంతృప్తి వ్యక్తం చేసేవారు" అని రాస్తే ఎవరు చదువుతారు? ఆకలేస్తోందన్న మాట యథాతథంగా వినపడితే ఎవరు మూసేస్తారు?

మన దగ్గర ఈ లోటు ఇంకా ఎక్కువ. గ్రీసు, రోము, ఈజిప్టు గురించి తెలుగులో వచ్చే పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు పుస్తకాలకి సారాంశాలు. సారాంశంలో ముందు ఎగిరిపోయేది ఆధారమే. హెరొడొటస్‌నీ, మరో ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్‌నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా హాయిగా తెలుగులో చదువుకోవాలని నా కోరిక. థుసిడిడీస్ తన పుస్తకంలో వక్తల ప్రసంగాల గురించి ఏమంటాడో తెలుసా? అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోవడం కష్టమైంది, అసలు భావానికి వీలైనంత దగ్గరగా ఉంటూ, ఆ సందర్భానికి ఏం మాట్లాడాలో నాకు తోచినట్టు రాశాను అంటాడు. ఆ ఒక్క ఒప్పుకోలు తెలుగులో ఇంటర్ పిల్లలకి అందితే, వాట్సాప్‌లో వచ్చే మహానుభావుల సూక్తుల్ని వాళ్ళు వేరే కళ్ళతో చూస్తారు.

ఈ ప్రపంచం మనకి దూరమైనదీ కాదు. నేను దివిసీమ వాణ్ణని గొప్పకి చెప్పుకోవడానికి కారణం ఒకటుంది. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఊళ్ళ పేర్లూ అక్షాంశ రేఖాంశాలూ వరసపెట్టి రాశాడు. అందులో మైసోలియా అనే తీరప్రాంతం ఉంది. అక్కడ కంటకోస్సుల అనే వర్తక రేవు ఉంది. అంతకు ముందు శతాబ్దంలో పేరు చెప్పని ఒక గ్రీకు నావికుడు రాసిన సముద్రయాన వివరాల్లో ఇదే తీరం మసాలియాగా కనిపిస్తుంది. అక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని రాశాడు. మరి కంటకోస్సుల ఎక్కడ? ఆ చిక్కు విప్పింది నాగార్జునకొండ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలాన బోధిసిరి అనే ఉపాసిక తాను చేసిన దానాలన్నీ ఒక శాసనంలో వరసగా చెప్పుకుంది. వాటిలో ఒకటి కంటకసెల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం. గ్రీకు అక్షరాల్లో వంకరపోయిన పేరు ప్రాకృతంలో తిన్నగా దొరికింది. చల్లపల్లి పక్కనున్న మా ఘంటసాలలో బౌద్ధ స్తూపమూ, శిల్పాలూ, శాసనాలూ బయటపడ్డాయి. అలెగ్జాండ్రియా పుస్తకంలోని రేవు, నాగార్జునకొండ శాసనంలోని చైత్యం, మా పొలాల మధ్య దిబ్బ, మూడూ ఒకటేనని ఒక్కో ముడీ విప్పుకుంటూ పండితులు తేల్చారు.

ఈ కథని ఇలాగే, ముడి తర్వాత ముడిగా చెప్పే పుస్తకం పిల్లలకి ఉండాలి. "ఘంటసాల ప్రాచీన రేవు పట్టణం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది మళ్ళీ ఖాళీ పూరించే ప్రశ్నే అవుతుంది.

సెలవులు అయిపోయేముందు మా పిల్లని స్కూటర్ మీద ఘంటసాల తీసుకెళ్ళాను. మధ్యాహ్నం ఎండ. స్తూపం చుట్టూ ఒకసారి తిరిగాం. ఇటుకల మీద చెయ్యి పెట్టి చూసి వేడికి తీసేసుకుంది. రేవన్నావు కదా, సముద్రమేది మావయ్యా అని నాలుగు వైపులా చూసింది. ఎటు చూసినా పొలాలే, వేసవి కాబట్టి బీడుగా, నెర్రెలు విచ్చి ఉన్నాయి. నేను గట్టు దిగి ఒక పెళ్ళ తీసి తన చేతిలో పెట్టాను. రెండు వేళ్ళ మధ్య నలిపింది. నల్లగా, మెత్తగా పొడైంది. ఒక్క ఇసుక రేణువు లేదు.